తీసిన మంచు ఎక్కడ వెయ్యాలి?

జపాన్ రాబోయే తెలుగు కుర్రాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "అన్నా, ఏ జాకెట్ కొనుక్కోమంటావు?" నాది పల్నాడు. రెంటచింతల ఎండలు తెలిసినవాడు మంచులో ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవాలని వాళ్ళ ఆత్రం. ఉన్నది చెప్తాను. లోపల వేసుకునే పల్చటి వెచ్చటి బనీన్లు, గాలి దూరని కోటు, అడుగు జారని రబ్బరు బూట్లు, గదిలోకి ఒక కిరోసిన్ హీటరు. అంతే, చలి సంగతి అక్కడితో సరి. అది డబ్బు పెడితే తీరే ఇబ్బంది. డబ్బు పెట్టినా తీరని ఇబ్బంది ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ అడగరు.

నేనుండేది నీగాతా ప్రిఫెక్చర్‌లోని జోయెత్సు నగరం, అందులో తకద అనే పాత కోట ఊరు. అప్పట్లో జపాన్‌ని ఏలిన సేనాధిపతి తొకుగావా ఇయెయాసు కొడుకు కోసం 1614లో కట్టిన కోట చుట్టూ పెరిగింది. ఏథెన్స్ కంటే కాస్త దక్షిణాన ఉంటుంది. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకి రెండు మూడు డిగ్రీలు పైనే. అంటే థర్మామీటరు చూసి భయపడాల్సిన ఊరేం కాదు. కానీ ఇదే ఊళ్ళో 1945 ఫిబ్రవరిలో నేలమీద 377 సెంటీమీటర్ల మంచు నిలిచింది. 2021 జనవరిలో కొద్దిరోజుల్లోనే దాదాపు రెండున్నర మీటర్లకి చేరితే సైన్యాన్ని పిలిపించారు. వెనకటి రోజుల్లో ఇళ్ళన్నీ మునిగిపోయి, వచ్చేపోయేవాళ్ళ కోసం "దీని కింద తకద ఉంది" అని పైన బోర్డు పాతారని ఒక కథ చెప్తారు. కథ నిజమో కాదో గానీ, ఇక్కడ ఒక్క శీతాకాలం గడిపినవాళ్ళెవరూ దానికి నవ్వరు.

ఇంత మంచు ఎందుకంటే, కారణం చలి ఒక్కటే కాదు, సముద్రం కూడా. సైబీరియా నుంచి బయల్దేరిన పొడి గాలి జపాన్ సముద్రం దాటుతుంది. ఆ సముద్రంలోకి దక్షిణం నుంచి త్సుషిమా ప్రవాహం వెచ్చటి నీళ్ళు మోసుకొస్తుంది. గాలి దారిపొడవునా ఆవిరి తాగి, తీరం వెనకున్న కొండలు ఎక్కేటప్పుడు, మోసుకొచ్చిందంతా మా మీద దింపేస్తుంది. కొండ దాటి టోక్యో చేరేసరికి మళ్ళీ పొడిగాలే. అందుకే టోక్యోలోని నిషి కసాయ్‌లో ఉండే మనవాళ్ళు జనవరిలో బాల్కనీలో బట్టలారేసుకుంటుంటే, షింకన్‌సేన్ బుల్లెట్ రైల్లో రెండు గంటల దూరంలో ఉన్న మేము వారాల తరబడి సూర్యుడి మొహం చూడం. డిసెంబరులో ఇక్కడ ఉరుములు ఉరుముతాయి. ఉరుమంటే వానే అనుకునే నాకు, ఉరిమిన మర్నాడు కిటికీ తీస్తే వీధంతా తెల్లగా కనిపించడం ఇప్పటికీ వింతే. పక్కింటి బామ్మగారు మాత్రం ఆ ఉరుము వినగానే పారలు బయటికి తీసి పెట్టుకుంటారు.

ఉష్ణోగ్రత సున్నా దగ్గరే ఆడుతుంది కాబట్టి ఈ మంచు తడి మంచు. కొత్తగా పడింది ఘనపు మీటరుకి నూరు కిలోల లోపే ఉండొచ్చు. నాలుగు రోజులు కూరుకుని, మధ్యలో ఒక వాన తాగిందంటే మూడు వందల కిలోలు దాటేస్తుంది. యాభై చదరపు మీటర్ల ఇంటి కప్పు మీద అలాంటిది మీటరు ఎత్తున పేరుకుంటే పదిహేను టన్నులు. చెక్క ఇళ్ళల్లో ముందుగా తలుపులు పట్టేస్తాయి. లోపలి జారుడు తలుపు కదలకపోతే కప్పు ఎక్కే వేళైందని లెక్క.

సరే, ఎక్కారు, తీశారు. తీసింది ఎక్కడ వేస్తారు?

నేను ఈ వ్యాసం మొదలుపెట్టిందే దీని కోసం. మంచు పడని దేశాల వాళ్ళం మంచు తీయడమంటే ఒళ్ళు వంచే పనే అనుకుంటాం. ఒళ్ళు వంచడం మూడో రోజుకి అలవాటైపోతుంది. తీసిన ప్రతి పారెడు మంచుకీ ఒక చోటు చూపించాలి, చిక్కంతా అక్కడే. రోడ్డు మీద వెయ్యకూడదు, అది చట్టవిరుద్ధం, పైగా రాత్రి గడ్డకట్టి ఎవరి సైకిలో జారుతుంది. పక్కవాళ్ళ స్థలంలో వేస్తే తరాల పాటు గుర్తుంచుకుంటారు. మన కప్పు మీది మంచు వాళ్ళ గోడ మీదకి జారినా అంతే. తెల్లవారుజామున మున్సిపాలిటీ యంత్రం వచ్చి రోడ్డు ఊడ్చి పోతుంది. పోతూ పోతూ రోడ్డు మీది మంచునంతా గట్టి గడ్డలుగా మన గుమ్మం ముందు గోడ కట్టి పోతుంది. అది మనదే. దాన్నీ మనమే ఎక్కడో వెయ్యాలి. పెరడున్నవాడు జనవరి మొదట్లో ధీమాగా ఉంటాడు. నెలాఖరుకి పెరడు నిండిపోయి, మంచు గుట్ట ఎక్కి దాని మీదకి ఇంకా మంచు విసురుతుంటాడు.

ఈ చిక్కుకి తకదలాంటి ఊళ్ళు చేసుకున్న ఏర్పాట్లలో నాకు బాగా నచ్చింది మంచు కాలువ. వీధి అంచున కాంక్రీటు కాలువ, పైన బరువైన ఇనుప జాలీ మూతలు, లోపల మళ్ళించిన నీళ్ళు. మూత తెరిచి మంచు పడేస్తే నీళ్ళు మోసుకుపోతాయి. అయితే ఎవరికి తోచినప్పుడు వాళ్ళు వెయ్యడానికి లేదు. వీధికో వేళ ఉంటుంది. ఆ పట్టిక మొదటిసారి చూసినప్పుడు నాకు నాగార్జునసాగర్ కుడి కాలువ కింద మా పొలాలకి నీళ్ళిచ్చే మేజరు కాలువ గుర్తొచ్చింది. అక్కడా వంతే. వారాబందీ, అంటే నీటి వంతులు పెట్టి, కాలువ చూసుకునే లస్కరు తూము తిప్పిన వేళకే నీళ్ళు. ఎగువ వాళ్ళు రాత్రి దొంగతనంగా గండి కొడితే చివరి భూముల వాళ్ళ వరి ఎండుతుంది. ఇక్కడ అది తిరగబడింది. ఎగువ వీధి వాళ్ళు వంతు కాని వేళ నాలుగు బండల మంచు పడేస్తే అది కాలువకి అడ్డంపడి, నీళ్ళు పైకి తన్ని, దిగువ వాళ్ళ గుమ్మాల్లోకి వస్తాయి. మా దగ్గర నీళ్ళు రాక గొడవ, ఇక్కడ నీళ్ళొచ్చి గొడవ. పట్టిక పట్టుకుని తిరిగే పేట సంఘం పెద్దాయన మొహంలో ఉన్న విసుగు మాత్రం అచ్చం మా లస్కరుదే.

ఇది చెప్తే మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే మాట తెలుసు: "జపాన్ వాళ్ళ క్రమశిక్షణ చూడండి. మనవాళ్ళయితేనా..." ఈ మాట మీద నాకు చాలాకాలంగా కోపం ఉంది. క్రమశిక్షణ రక్తంలో ఉండేదైతే ఆ పట్టిక అక్కర్లేదు, ఆ పెద్దాయన తిరగక్కర్లేదు, రోడ్డు మీద మంచు వెయ్యకూడదని చట్టం అసలే అక్కర్లేదు. ఇక్కడా రాత్రిపూట గుట్టుగా రోడ్డు మీదకి తోసేసేవాళ్ళున్నారు. పార్కింగ్‌లో తన కారు చుట్టూ తీసిన మంచు పక్క కారు వెనక పోసి పోయేవాళ్ళున్నారు. పని నడుస్తున్నది స్వభావం వల్ల కాదు, ఏర్పాటు వల్ల. ఆ ఏర్పాటుకి డబ్బు, ఇంజనీరింగు, చట్టం, వందల ఏళ్ళ పోట్లాటలు అన్నీ కలిశాయి. భారీ హిమపాత ప్రాంతాల కోసం ప్రత్యేక చట్టం వచ్చింది 1962లో. దాని కిందికి వచ్చే నేల దేశంలో సగం, అందులో ఉండే జనం మాత్రం వందకి పదిహేను మంది. మిగతా ఎనభై అయిదు మంది పన్నుల్లోంచి కొంత ఈ పదిహేను మంది రోడ్ల మంచు తీయడానికి వస్తుంది. పొరుగునున్న నాగఓకలో 1961లోనే రోడ్డు మధ్యన గొట్టాలు పరిచి, పదమూడు పద్నాలుగు డిగ్రీల భూగర్భజలాన్ని చిమ్మి మంచు కరిగించడం మొదలుపెట్టారు. ఆ నీళ్ళలోని ఇనుము వల్ల అక్కడి రోడ్లు తుప్పు రంగులో ఉంటాయి. చూడ్డానికి ముచ్చటే, కానీ ఏళ్ళ తరబడి అంత నీరు తోడితే నేల కుంగింది. ఇప్పుడు గొట్టాలకీ వంతులే.

అన్ని ఏర్పాట్లూ ఉండి కూడా 2020 డిసెంబరులో కన్-ఎత్సు ఎక్స్‌ప్రెస్‌వే మీద రెండు వేలకి పైగా వాహనాలు మంచులో ఇరుక్కుని రెండు రోజులు కదల్లేదు. క్రమశిక్షణ గల దేశమే, క్రమశిక్షణ గల డ్రైవర్లే. ఒక పెద్ద ట్రక్కు జారి అడ్డంపడితే వెనకున్నవాళ్ళ క్రమశిక్షణ ఏం చేస్తుంది?

ఏర్పాటు అనే మాటకి నేను చూపించే ఉదాహరణ గంగి. తకద పాత వీధుల్లో ఇళ్ళ ముందు చూరు బయటికి సాచి, స్తంభాల మీద నిలబెట్టి ఉంటుంది. ఇంటి పక్క ఇల్లు కలిసి వీధి పొడవునా నీడ దారి అవుతుంది. మంచు రోజుల్లో జనం ఆ దారినే నడుస్తారు. యంత్రాలు లేని కాలంలో కప్పుల మీది మంచంతా వీధి మధ్యకే దింపేవాళ్ళు, వీధి ఇళ్ళకంటే ఎత్తయ్యేది, అవతలి వైపుకి పోవాలంటే మంచులో మెట్లు తవ్వుకునేవాళ్ళు. అప్పుడు ఊరి బతుకంతా ఈ చూరు కిందే నడిచింది. విశేషం ఏమిటంటే ఆ చూరు, దాని కింది నేల ప్రభుత్వానివి కావు. ఎవరింటి ముందుది వాళ్ళది. సొంత స్థలంలో కొంత మేర ఊరికి వదిలేశారు, తరతరాలుగా. ఒక్కడు వదలకపోతే దారి అక్కడ తెగుతుంది. ఇప్పుడు తెగుతోంది కూడా. పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టేవాళ్ళు వెనక్కి జరిపి ముందు కారు పెట్టుకుంటున్నారు. వాళ్ళని తిట్టలేను. కారు లేకుండా ఈ ఊళ్ళో బతకలేం, కారుకి చోటు కావాలి. కానీ అలాంటి ప్రతి ఖాళీ దగ్గరా గంగి కింద పొడిగా నడిచొస్తున్న ముసలాయన ఒక్కసారి మోకాలి లోతు మంచులోకి దిగాలి.

ముసలాయన అని ఊరికే అనలేదు. జపాన్‌లో వందకి ఇరవై తొమ్మిది మంది అరవై అయిదు దాటినవాళ్ళు, పల్లెలూ చిన్న ఊళ్ళలో ఇంకా ఎక్కువ. 2005-06 శీతాకాలంలో మంచు వల్ల దేశమంతటా 152 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది తుఫానులోనో, కొండ మీంచి విరిగిపడే మంచు చరియల కిందో పోలేదు, మంచు తీస్తూ పోయారు. కప్పు మీంచి జారి, కప్పు మీది మంచు తమ మీద పడి, కాలువలో పడి, పార పట్టుకునే గుండె ఆగి. మూడింట రెండు వంతుల దాకా పెద్దవాళ్ళే. ఆ తర్వాత వచ్చిన ప్రతి భారీ మంచు ఏడాదీ లెక్క మారింది గానీ తీరు మారలేదు. ఏర్పాటంతా నిలబడింది ప్రతి ఇంట్లో పార పట్టే మనిషి ఒకడు ఉంటాడన్న నమ్మకం మీద. పిల్లలు టోక్యో వెళ్ళిపోయారు. దేశంలో ఖాళీ ఇళ్ళు 2023 లెక్క ప్రకారం తొంభై లక్షలు. మంచు ప్రాంతంలో ఖాళీ ఇల్లంటే కప్పు ఎవరూ ఎక్కని ఇల్లు, ఏదో ఒక ఫిబ్రవరిలో పక్కింటి మీదకి ఒరిగే ఇల్లు.

అయితే ఊరు మరీ ఖాళీగా ఏం లేదు. మేం వచ్చాం. ఫ్యాక్టరీల్లో వియత్నాం, ఇండోనేషియా, నేపాల్, మయన్మార్ కుర్రాళ్ళున్నారు, వృద్ధాశ్రమాల్లో పనిచేసే అమ్మాయిలున్నారు, నాలాంటి ఇంజనీర్లున్నారు. ఇరవైల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్ళం. మంచు పడ్డ ఉదయం వీధిలోకి చూస్తే పారలు పట్టుకున్నవాళ్ళంతా డెబ్భై దాటినవాళ్ళు, వాళ్ళ పక్కనుంచి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని డ్యూటీకి నడిచిపోతున్నవాళ్ళు మేము. ఇందులో మా పొగరేం లేదు. మాకు ఎవరూ చెప్పలేదు, అంతే. కంపెనీ అద్దెకిచ్చిన అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళు పేట సంఘంలో సభ్యులు కారు. ఇంటింటికీ చేతులు మారుతూ తిరిగే నోటీసుల అట్ట మా గుమ్మం దాటి అవతలింటికి పోతుంది. సాయం చెయ్యబోతే నవ్వుతూ "ఫరవాలేదు, ఫరవాలేదు" అంటారు. ఆ మర్యాదలో మంచితనం ఉంది, కానీ అది మనల్ని చుట్టంగానే ఉంచేస్తుంది. చుట్టానికి పని చెప్పరు, ఇంటి సంగతీ చెప్పరు.

నా వాదన సూటిగా చెప్తాను. మంచు ఊళ్ళో విదేశీయుడు స్థిరపడటమంటే అతని పేరు మంచు వంతుల పట్టికలోకి ఎక్కడం. భాష పరీక్షలు ఎన్ని పాసైనా, ఎన్ని పండగల్లో ఇక్కడి యుకాతా అనే నూలు అంగీ కట్టుకుని ఫొటోలు దిగినా, ఇది జరగనంతవరకు ఊరికి మనం వాతావరణంలాంటివాళ్ళమే, వస్తాం, పోతాం.

దీనికి ఎదురయ్యే మాటలున్నాయి. మన కుర్రాడొకడు నా మొహం మీదే అన్నాడు: "పన్ను కడుతున్నాం కదన్నా, పార కూడా మనమే పట్టాలా?" పన్నుతో తీసేది రోడ్డు మంచు. గుమ్మం మంచు, కప్పు మంచు ఎవరిది వాళ్ళదే, జపాన్ వాడికైనా అంతే. కూలికి మనుషుల్ని పెట్టుకుంటే ఒక్కసారి కప్పు దింపడానికి పదివేల యెన్‌లలో పోతుంది, పెన్షను మీద బతికే మనిషి శీతాకాలంలో ఎన్నిసార్లని పెట్టుకోగలదు?

రెండో మాట ఇంతకంటే బరువైంది, దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యలేను. విదేశీ కుర్రాళ్ళని "కలుపుకోవడం" అంటూ మొదలుపెడితే అది ఉచిత కూలీగా మారదా? మారొచ్చు. వీసా యజమాని చేతిలో ఉన్న కుర్రాణ్ణి ఆదివారం పూట ఎవరి కప్పు ఎక్కమన్నా వాడు కాదనలేడు. అందుకే నేను గీత గీస్తాను. కప్పు ఎక్కకూడదు, తాడు కట్టుకోవడం తెలియనివాడు అస్సలు ఎక్కకూడదు. అది నేర్చినవాళ్ళ పని, డబ్బిచ్చి చేయించాలి, ఆ డబ్బు నగరమో ప్రభుత్వమో భరించాలి. నేల మీది పని, కాలువ వంతు, బస్సు స్టాపు దగ్గర దారి, మంటలార్పే నీళ్ళ హైడ్రెంటు చుట్టూ తవ్వడం, ఇవి పేటలో ఉన్నవాళ్ళందరివీ. అందులో విదేశీయుడు కూలీ కాకుండా సభ్యుడు కావాలంటే సంఘం మీటింగులో అతనికి మాట కూడా ఉండాలి. పార ఇచ్చి మాట ఇవ్వకపోతే ఆ కుర్రాడి అనుమానమే నిజం.

మూడోది టోక్యోలో కూర్చుని అనేవాళ్ళ మాట: అంత కష్టమైతే అక్కడ ఉండటం ఎందుకు, అందర్నీ కిందికి తరలించొచ్చుగా? వాళ్ళు తినే కొషిహికారి రకం బియ్యపు అన్నం ఎక్కణ్ణుంచి వస్తుందో అడగాలనిపిస్తుంది. కొండల మీది మంచు వసంతం పొడవునా మెల్లగా కరిగి, సరిగ్గా నాట్ల వేళకి పొలాల్లోకి దిగుతుంది. ఆయకట్టులో పుట్టినవాడికి ఆ నీళ్ళ విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

మంచు లేని ఊళ్ళవాళ్ళు రెండంగుళాలు పడితే మురిసిపోతారు, మా ఊళ్ళో అది బతుకు మీదకి వస్తుంది అని 1837లోనే ఇక్కడికి దగ్గర్లోని షియోజావాకి చెందిన సుజుకి బొకుషి తన పుస్తకంలో వాపోయాడు. ఆ ఫిర్యాదు ఇప్పటికీ చెల్లుతుంది. మన యూట్యూబు వీడియోల్లో మంచు అంటే చేతులు చాచి గిరగిరా తిరగడమే. తిరగండి, నేనూ తిరిగాను. యుజావాలో షింకన్‌సేన్ దిగి అక్కడే స్కీయింగు చేసి సాయంత్రానికి టోక్యో చేరిపోవచ్చు, హాయిగా ఉంటుంది. స్కీయింగు అంటే గుర్తొచ్చింది. దాన్ని జపాన్‌కి నేర్పింది తకదలోనే, అదీ ఒక విదేశీయుడు. ఆస్ట్రియా-హంగేరీ సైన్యంలో మేజర్ థియొడార్ ఫాన్ లెర్ఖ్, 1911 జనవరి 12న కనాయా కొండ మీద ఇక్కడి సైనికులకి పాఠం మొదలుపెట్టాడు. అంతకు తొమ్మిదేళ్ళ ముందే హక్కోదా కొండల్లో మంచులో కవాతుకి వెళ్ళిన 210 మందిలో 199 మంది చనిపోయిన దేశం ఇది. మంచులో కదలడం నేర్పేవాడి విలువ ఆ సైన్యానికి తెలుసు. కొండ మీద ఆయన విగ్రహం ఉంది. ఊరికి పనికొచ్చిన విదేశీయుణ్ణి ఈ ఊరు మర్చిపోదనడానికి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. విగ్రహం ఎవరికి కావాలి, పట్టికలో పేరు చాలు.

మా పేటలో ఆ పని కొద్దిగా కదిలింది. చెత్త విడగొట్టే కరపత్రం ఏడెనిమిది భాషల్లో అచ్చేసి ఇస్తారు, మంచు కాలువ వేళల పట్టిక మాత్రం జపనీస్‌లోనే ఉండేది. నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చాను. మా లైన్లో పనిచేసే వియత్నాం కుర్రాడు వాళ్ళ భాషలో రాశాడు, నేపాలీ అమ్మాయి నేపాలీలో రాసిచ్చింది. తీసుకెళ్ళి ఇస్తే సంఘం పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, చదవలేని ఆ మూడు కాగితాలనీ చాలాసేపు చూశారు. మీటింగులో పెట్టాలన్నారు. మీటింగులో ఒకాయన, వీళ్ళు రెండేళ్ళలో వెళ్ళిపోతారు కదా, ఎందుకిదంతా అన్నాడు. బామ్మగారు లేచి, మా అబ్బాయి పద్ధెనిమిదేళ్ళకే వెళ్ళిపోయాడు, రెండేళ్ళుంటే ఎక్కువే అన్నారు. చివరికి అచ్చుకి ఒప్పుకున్నారు, ఒక మార్పుతో: మూత తెరిచి వదిలేసి పోవద్దు, ఒక్కళ్ళే వెయ్యవద్దు అన్న రెండు వాక్యాలు అన్ని భాషల్లోనూ పైన ఎర్ర అక్షరాల్లో ఉండాలి. మా అపార్ట్‌మెంటుకి రాత్రి ఎనిమిదిన్నర వంతు ఇచ్చారు. రెండో షిఫ్టు వాళ్ళకి ఆ వేళ కుదరదు. దాని మీద ఈ నెల మళ్ళీ మీటింగు ఉంది.